నెలలు నిండిన బ్యాటరీలు

“సుక్కలల్ల సుక్కమ్మ సూరీడి బిడ్డ,
పక్కలల్ల పండుకుంటె... ఏందో... గాజుల గడ్డ.”

ఆ నడుమ మాట ఒక్కటి ఎల్లమ్మకు ఎప్పటికీ యాదికి రాదు. చిన్నప్పుడు తల్లి వెంట కాన్పులకు పోతూ విన్న పాట అది. ఇప్పుడు అరవై దాటాక, కార్వాన్‌లో ఒక మేడ మీది రేకుల గదిలో కూర్చుని, సెల్‌ఫోన్ల పాత బ్యాటరీలు ఏరుతూ పాడుకుంటుంది.

పొద్దున తొమ్మిదింటికి నలుగురు ఆడవాళ్ళు ఆ గదిలోకి పోతారు. సేటు వైకుంఠం బయట తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని బేగంబజార్ పోతాడు. సరుకు ఎవరైనా ఎత్తుకుపోతారని ఆయన భయం. మళ్ళీ పొద్దు గూకాకే వచ్చి తీస్తాడు. గదికి ఒకటే తలుపు, చువ్వల కిటికీ ఒకటి. తలుపు పక్కన గోనెసంచులు, బయట మెట్ల మీద కూడా సంచులే. పానం ఉన్న బ్యాటరీలకు, కొత్తవాటిలా అమ్మడానికి, కొత్త స్టిక్కరు అంటించాలి. పానం పోయినవి మూసీ ఒడ్డున పారబోస్తారు. పారబోసే చోట గడ్డి మొలవక రెండేళ్ళయింది.

ఉబ్బినవాటిని అందరూ ‘కడుపొచ్చినవి’ అంటారు. వాటిని సూదితో పొడిచి, గాలి తీసి, రెండు చెక్కల మధ్య వత్తి చదును చేయమని సేటు చెప్పాడు. ఎల్లమ్మ ఆ సూది మాత్రం ముట్టదు.

ఆమె మంత్రసాని. ఏ కడుపు మీద అరచెయ్యి పెట్టినా ఆ కాన్పు ఏ వేళకు అవుతుందో ఆమెకు తెలిసిపోతుంది. ఆడమనిషైనా అంతే, బర్రె అయినా అంతే. చెప్పిన వేళ ఒక్కనాడు తప్పలేదు. గల్లీలో ఎవరికీ అది వింత కాదు. ఆ వేళకు నీళ్ళు కాగబెట్టుకుంటారు. వైకుంఠం కూడా ఆ చేతుల్లో పుట్టినవాడే. జనం దవాఖానలకు పోవడం మొదలుపెట్టాక ఆ చేతులకు ఈ పని దొరికింది.

ఎండాకాలం, ఒకనాడు, మణెమ్మ అనే ఇరవయ్యేళ్ళ పిల్ల ఉబ్బిన బ్యాటరీ ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

“అవ్వా, జెర చూసి చెప్పు. దీనికి ఎన్నో నెల?”

మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. ఎల్లమ్మా నవ్వుతూనే గుప్పిట మూసింది. మూసిన గుప్పిట్లోనే నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు పక్కనున్న సంచి దగ్గరకు పోయి, రెండు చేతులూ దాని మీద ఆనించింది. గోనె వెచ్చగా తగిలింది.

“ఇదొక్కటే కాదే. సంచి సంచంత నిండినయ్. అసర్ అజాన్‌కు అయితయ్.”

నీకెట్ల తెలుసని ఎవరూ అడగలేదు. అందరూ గోడ గడియారం వైపు చూశారు. మసీదులో సాయంత్రపు అజాన్‌కు ఇంకా అర్ధగంట ఉంది.

తలుపు గుంజారు, గుద్దారు. కదల్లేదు. గది నిండా వేల బ్యాటరీలు, సేటును పిలుద్దామంటే ఒక్క ఫోను లేదు.

“సంచిని అవతలికి జరుపుదామా?” అంది ఒకామె.

“యాడికి జరుపుతవ్? మనం కూసునేతందుకే జాగ లేదు.”

మణెమ్మ చువ్వలు పట్టుకుని అరిచింది. “తాళం తియ్యుండ్రి! బ్యాటరీలు అంటుకుంటయ్!”

ఎదురుగా వెల్డింగ్ దుకాణంలోంచి రామ్‌చందర్ తల ఎత్తాడు. “ఇంక అంటుకోలేదు గద బిడ్డా. తాళం పగలగొడ్తే సేటు నాతోని లొల్లి పెట్టుకుంటడు. రానీయ్ ఆయన్ని.”

మణెమ్మ కిటికీ కింద కూలబడింది. “నా చేతుల పుట్టినోడే నాకు తాళమేసె,” అనుకుంది ఎల్లమ్మ. కాన్పు సంగతిలో ఆమె ఎన్నడూ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు అనబోయేదీ అబద్ధం కాదు గద. చువ్వల నడుమ మొహం పెట్టి, గల్లీ అంతా ఎరిగిన గొంతుతో పిలిచింది.

“ఓ రామ్‌చందరూ! నెలలు నిండినయ్! అజాన్‌కు కాన్పు! తలుపు తియ్యి నాయనా!”

రామ్‌చందర్ ఎవరికని కూడా అడగలేదు. సుత్తె పట్టుకుని, మెట్ల మీది సంచులు దాటుకుంటూ పైకొచ్చాడు. “పురిటి మనిషిని పెట్టి తాళమేస్తడా! వీనికి అక్కచెల్లెండ్లు లేరా!” అని తిట్టుకుంటూ నాలుగు దెబ్బలు వేశాడు. తాళం ఊడింది.

“పురిటి మనిషేది?”

“ముందుగల్ల కిందికి నడువ్!” అని ఎల్లమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి తోసింది.

అందరి కాళ్ళూ గల్లీలో పడ్డాక మసీదు మైకు గరగరలాడింది. అజాన్ మొదలవుతూనే పైన ఫట్‌మని ఒకటి పేలింది. దాని వెంట పది, ఆ తర్వాత లెక్క తెలియలేదు. చువ్వల్లోంచి తెల్లటి పొగ, పొగ వెనక మంట. గొంతులు మండిపోయాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గల్లీ చివరికి ఉరికారు.

కిరాణా దుకాణం రుక్మిణమ్మ అక్కడ ఎదురైంది. పిలుపు విని, చంకన వేడినీళ్ళ బిందె, భుజాన పాత చీరతో బయల్దేరింది. పొగ చూసి బిత్తరపోయినా అలవాటైన మాటే ముందు వచ్చింది.

“ఎల్లమ్మా, కాన్పయిందా? పిల్లనా, పిలగాడా?”

ఎల్లమ్మ తన చేతులు చూసుకుంది. ఇన్నేళ్ళలో ఆ మాటకు వట్టి చేతులతో ఎన్నడూ నిలబడలేదు. మణెమ్మ దగ్గుతూనే ఆమె కొంగు పట్టి గుంజింది.

“చెప్పరాదా అవ్వా,” అంది, “నలుగురం ఆడపిల్లలం పుట్టినమని చెప్పు.”