దండ తెచ్చినాడు

సముద్రం మింగి మర్నాడు ఒడ్డుకు తోసిన మా తమ్ముడు ఎల్లాజీని జాలరిపేటలో మా ఇంటి ముందు పడుకోబెట్టాం. తుఫాను హెచ్చరిక ఉందన్నా వినకుండా వాణ్ణి వేటకు పంపిన బోటు ఓనరు గురువులు గులాబీల దండ పట్టుకుని వచ్చాడు. దాన్ని చూడగానే నా ఒళ్ళు మండిపోయింది.

మా పేటలో శవం దగ్గర ఏడ్చే ఆడమనిషికి ఎవరూ అడ్డు చెప్పకూడదు. రాగం తీసి, పోయినవాళ్ళతో ఆమె ఏమైనా చెప్పుకోవచ్చు. చివరి మాటను చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు అందుకుంటారు.

నేను జుట్టు విప్పుకుని తమ్ముడి పక్కన కూలబడ్డాను.

"లెగరా తమ్ముడా, మీ ఓనరొచ్చినాడు. లైఫ్ జాకెట్టు అడిగితే పిరికోడివన్నాడు కదరా. ఇప్పుడు సూడరా, జాకెట్టు తేనేదు, దండ తెచ్చినాడు."

ఆడవాళ్ళు గొంతు కలపబోయి ఆగిపోయారు. వాళ్ళలో సగం మంది మొగుళ్ళు గురువులు బోట్ల మీదే వేటకెళ్తారు.

"ఏడిత్తే ఏడు గానీ అప్పా, మజ్జిలో నా మీద నిందలేటి?" అన్నాడు గురువులు.

నేను అతని వైపు చూడలేదు. తమ్ముడి చెంప నిమురుతూ అదే మాట ఇంకా గట్టిగా ఎత్తుకున్నాను. ఈసారీ ఎవరూ అందుకోలేదు. వాళ్ళ మీద కూడా కోపం ముంచుకొచ్చింది.

అప్పుడు గోడవార కూర్చున్న గురువులు తల్లి గంగాలమ్మ తన ముడి విప్పుకుంది. ముసలి గొంతు వీధి చివరిదాకా వినబడింది.

"నా కడుపున పుట్టినోడు జాకెట్టు తేనేదమ్మా, దండ తెచ్చినాడు."