మూడు ముక్కల మిషను

పెద్ద వరద వచ్చిన ఏడు జరిగింది ఇది. అంతకు ముందు వచ్చినవాటిని వరదలనకూడదు, వీధిలో చెప్పులు తడిపి పోయాయి అంతే. ఈసారి నీళ్ళు కిటికీలోంచి లోపలికొచ్చాయి.

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రి కొట్టు పల్లంలో ఉంది. నీళ్ళు గడప దాటే వేళకి లోపల అతనొక్కడే ఉన్నాడు. పైగదికి మెట్లు కొట్టు వెనక ఉన్నాయి. ఉన్నవి రెండు చేతులు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చుట్టూ చూశాడు. బాగుకి వచ్చిన మిషన్లు మూడు. తన సొంతది ఒకటి, మంచి రోజుల్లో కొన్నది, ఇంట్లో కూతురు కుట్టుకునేది. బల్ల కింద వాళ్ళమ్మ మిషను తాలూకు చెక్కమూత. నీళ్ళలో చెయ్యి పెట్టి ఆ మూత తీశాడు, నెత్తిన పెట్టుకున్నాడు, పైకి పరుగెత్తాడు.

దాన్ని భద్రంగా మంచం మీద పెట్టి దిగేసరికి మెట్లు సగం మునిగాయి. పక్కగోడ నాని కూలి మిషన్ల మీద పడింది. పోత ఇనుము కదా, నాలుగూ పెంకుల్లా పగిలాయి.

ఇంతా చేసి మూతలో ఏముంది? నాలుగు బాబిన్లు, ఒక సీసాడు గుండీలు, అరిగిపోయిన మైనం ముక్క. ఎదురు మేడ మీంచి చూసిన దర్జీ ఈ సంగతి ఊరంతా చేరవేశాడు. మిషన్లని వదిలేసి మిషను టోపీ తెచ్చుకున్నాడని రెండు నెలలు నవ్వుకున్నారు. మేస్త్రిని వీధిలో నూనెడబ్బా అంటారు. ఎప్పుడూ జేబులో అది ఉంటుంది, నోట్లోంచి మాట కూడా అందులోంచి పడ్డట్టే చుక్కచుక్కగా పడుతుంది.

మూత ఒక్కటే అతని దగ్గర ఎందుకుందో చెప్పాలి. ఏడేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయింది. రెండు గదుల పాత ఇల్లు ఖాళీ చెయ్యడానికి ముగ్గురు పిల్లలూ చేరారు. పెద్దవాడు అన్న, తర్వాత అక్క, చివర అతను. ముగ్గురూ పుట్టింది ఆ ఇంట్లోనే. ముందుగదిలో కిటికీ పక్కన, మిషను కాళ్ళు ఆనిన చోట, గచ్చులో నాలుగు గుంటలుండేవి. చిన్నప్పుడు వాటిలో గోళీలు పెట్టి ఆడేవాళ్ళు. గిన్నెలూ మంచాలూ పంచుకోవడానికి గంట పట్టలేదు. మిషను దగ్గర బండి ఆగిపోయింది. పెద్దకొడుకుని, నాకు రావాలన్నాడు అన్న. అమ్మ చేతిపని ఆడపిల్లకి కాక ఎవరికని అక్క. మధ్యాహ్నం మొదలై పొద్దు వాలేదాకా అదే పాట. వదిన అన్నను ఎగదోసింది, బావ అక్కను ఎగదోశాడు. అతను గుమ్మంలో కూర్చుని స్క్రూడ్రైవరుతో గోళ్ళలో మురికి తీసుకుంటున్నాడు. చివరికి విసుగెత్తి, "మూడు ముక్కలుగా ఊడుతుంది. తలొకటి పట్టుకుపోండి" అన్నాడు.

వేళాకోళానికే అన్నాడు. అతను వేళాకోళమాడగా పుట్టి బుద్ధెరిగి ఎవరూ చూడలేదు. ఇద్దరూ నిజమే అనుకున్నారు, పైగా మంచి మాట చెప్పావన్నారు. చేతిలో స్క్రూడ్రైవరు ఉండనే ఉంది. వెనకవైపు రెండు మరలు వదులు చేస్తే తల ఊడి ఒళ్ళోకి వచ్చింది. అన్నకి తల, అక్కకి ఇనుప స్టాండు, అతనికి మూత. నవ్వులాటకన్నానని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎప్పుడైనా మళ్ళీ బిగించుకోవచ్చులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఇక వరద తర్వాతి మాట. అతని కూతురు పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మునిగి మూతపడింది. ఆ పిల్ల ఊరికే కూర్చునే రకం కాదు, ఆస్పత్రికి వెళ్ళి హెడ్ నర్సుని పట్టుకుంది. దిండ్లూ పరుపులూ నీళ్ళపాలయ్యాయి, ఐదు వందల గలీబులు కావాలి, ఇంట్లో మిషను ఉంటే శనివారంలోగా ఆ మాట చెప్పి, సోమవారం వచ్చి బట్ట తీసుకుపొమ్మంది ఆవిడ. మంగళవారం నాడు కూతురు ఇంటికొచ్చి ఈ మాట చెప్పింది.

"పాత ఇనుప కొట్టులో మిషను తలలు గుట్టగా పడున్నాయి నాన్నా. ఒకటి తెచ్చి నిలబెట్టవా?"

"ఎవళ్ళో పారేసిన చెత్త మనకెందుకు. మీ నానమ్మ మిషను ఉంది కదా."

"అదింకా మిషనేంటి నాన్నా. మూడిళ్ళలో మూడు సామాన్లు."

అతను చొక్కా వేసుకుని బయటికి నడిచాడు.

ముందు అక్క ఇంటికి వెళ్ళాడు. స్టాండు మీద నల్లరాతి పలక వేయించి, పైన పూలకుండీలు పేర్చింది అక్క. అడిగేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దాని మీద చెయ్యి వేస్తే అమ్మ మోకాలు తగిలినట్టుంటుందని, పొద్దున లేవగానే దాన్ని తుడవందే టీ తాగనని చెప్పింది. కాదనలేదు, ఔననలేదు. పెద్దవాడు తల ఇస్తే అప్పుడు చూద్దాంలే అంది.

అన్నకి టైల్స్ షాపుంది. వరద పుణ్యమా అని ఊళ్ళో ప్రతి ఇంటికీ గచ్చు మార్చాల్సి వచ్చి అతనికి ఊపిరాడడం లేదు. ఫోనులోనే తేల్చేశాడు. "అది వాడుకునే వస్తువు కాదురా. అది అమ్మ" అన్నాడు. కూతురి పని గురించి చెప్తే, అయ్యో పాపం అని, షాపులో లెక్కలు రాసే పని ఉంటే చూస్తానన్నాడు.

మర్నాడు మళ్ళీ తనే ఫోను చేశాడు. కొత్తగా కట్టిన హాలు పూర్తయిందట. ఆదివారం అందరూ రావాలట. మిషను మూడు ముక్కలూ కలిపి పెట్టి, ముగ్గురం దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటే, గోడకి సగం వచ్చేలా పెద్దది చేయిస్తాడట. "నువ్వే బిగించాలిరా. విప్పింది నువ్వేగా" అన్నాడు.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. స్టాండు మీద తల కూర్చున్నాక, బెల్టు వేసి నాలుగు కుట్లు కుట్టి చూపించి, అందరి ముందూ అడిగితే ఎవరు కాదంటారు? అప్పటికీ కాదన్నా కూతురిని చూసైనా ఇస్తారు. కొత్త తోలు బెల్టు కొన్నాడు. సూదులు కొన్నాడు. కూతురు ఇనుప కొట్టు మాట మళ్ళీ ఎత్తితే ఆదివారం దాకా ఆగమన్నాడు. ఆ కొట్టు ముందునుంచే రోజూ నడుస్తూ, అటు తల తిప్పలేదు.

ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడాడు. అక్కనీ స్టాండునీ మూతనీ ఎక్కించుకుని అన్న ఇంటికి చేరాక, ట్రాలీవాడితో, "ఉండు. తిరుగు బేరం ఉంది" అన్నాడు.

హాలు గచ్చు తెల్లగా అద్దంలా ఉంది, అడుగు వెయ్యడానికి భయమేసింది. రాతిపలక తీసేసిన స్టాండుని మధ్యలో దింపారు. అతను ఒంగి, కాళ్ళతో తొక్కే పలక మీద అరచెయ్యి వేసి నొక్కాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"మనవలు వేళ్ళు నలగ్గొట్టుకుంటున్నారని వెల్డింగు పెట్టించేశాను, రెండేళ్ళయింది" అంది అక్క.

వెల్డింగే కదా, కోసెయ్యొచ్చు అనుకున్నాడు. ఒక పూట పని. బెల్టు జేబులోనే ఉంచుకున్నాడు.

అన్న లోపల్నుంచి తలను పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తువ్వాలులో చుట్టి తెచ్చాడు. స్టాండు మీద కూర్చోబెట్టి తువ్వాలు లాగాడు. నల్లగా ఉండాల్సిన మిషను నిలువునా బంగారు రంగులో మెరిసిపోతోంది. దాని నడినెత్తిన ఒక బల్బు. బల్బుకి గొడుగు. కిందనుంచి తెల్లటి వైరు వేలాడుతోంది. వదిన ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. వెలిగింది.

"అమ్మ వెలుగు. ఆ పేరు మీ వదిన పెట్టింది" అన్నాడు అన్న.

మేస్త్రి చక్రం మీద చెయ్యి వేశాడు. తిరగలేదు. ప్లగ్గు పీకి, తలను వెనక్కి వాల్చి కింద చూశాడు. పైనుంచి కిందికి తిన్నగా బెజ్జం వేశారు. అడ్డొచ్చిన షాఫ్టుని, చక్రంతో పాటు తిరిగే కడ్డీని, రెండుగా కోసి, మధ్యలోంచి గొట్టం దింపి, అందులోంచి వైరు తీశారు. కింద దారం అందుకునే షటిల్ అడ్డమనిపించి పీకి పారేశారు. టైల్స్ కోసే మరతోనే చేశారట, తన షాపులో పనివాడు భలే సన్నగా కోస్తాడని అన్న మెచ్చుకుంటున్నాడు.

"షాఫ్టు తెగింది" అన్నాడు మేస్త్రి.

"ఏ షాఫ్టు?"

"ఇది ఇంక కుట్టదు."

"ఇప్పుడు కుట్టేదెవర్రా మనింట్లో" అని నవ్వాడు అన్న.

అడుగుదామని వస్తే, అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. చెప్పింది చెప్పినట్టు రెండు మరలూ బిగించాడు. ఏడేళ్ళ కిందట విప్పిన మరలే అవి, వేళ్ళకి గుర్తున్నాయి. మూత పక్కన పెట్టాడు. ముగ్గురూ నిలబడ్డారు. అన్న కోడలు ఫోను పట్టుకుని, ఫోటోతో పాటు మాటలు కూడా ఉంటే బాగుంటుంది, ఏదైనా చెప్పండి మామయ్యా అంది. అన్న గొంతు సవరించుకున్నాడు. చిన్నప్పుడు ఆ మిషను చప్పుడే మా జోలపాట అన్నాడు. అది వినపడితేనే మాకు నిద్ర పట్టేదన్నాడు. అమ్మకి అది నాలుగో బిడ్డ, మాకంటే ఎక్కువగా చూసుకునేదన్నాడు. అక్క కొంగు కళ్ళకి అద్దుకుంది.

"అమ్మకి ఆ మిషనంటే గిట్టేది కాదు" అన్నాడు మేస్త్రి.

ఫోను పట్టుకున్న పిల్ల చెయ్యి దించింది.

వాళ్ళమ్మ పోయే ముందటి నెల సంగతి అది. మిషనుకి నూనె వేస్తుంటే మంచం మీంచి పిలిచింది. నేను పోయాక దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యరా అంది. దీని మొహం చూస్తే మోకాళ్ళు లాగుతాయంది. బడిపిల్లల చొక్కాలకి జేబులు కుట్టీ కుట్టీ నడుం పోయింది, నలభై ఏళ్ళలో ఒక్క పూట ఇష్టపడి దాని ముందు కూర్చోలేదంది. అతను ఊఁ అన్నాడు. అంతే. ఆ ఊఁ తర్వాత ఏడేళ్ళు గడిచాయి.

ఇప్పుడు అదంతా పొడిపొడిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అమ్మ నీతో చెప్పిందా?" అంది అక్క.

"చెప్పింది."

"మరి పంచుకునే రోజు నోరెక్కడ పెట్టుకున్నావు?"

అన్న మొహం గచ్చు రంగుకి తిరిగింది. మంచి రోజు చూసి పిలిస్తే ఇంట్లో ఇదేం మాటరా అన్నాడు. వదిన దీపం మళ్ళీ వెలిగించాలా వద్దా అన్నట్టు ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడింది.

అక్క అతని దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. "అమ్మకి గిట్టని మిషను కదరా. మరి వరదలో కూతురు కుట్టుకునేదాన్ని వదిలేసి, ఆ చెక్కడబ్బా నెత్తినెట్టుకుని ఎందుకు పరుగెత్తావు?"

వీధంతా నవ్విన మాటే, కానీ వీధివాళ్ళు అడిగినట్టు లేదది.

ఫోటో తీశారు. అన్న పట్టుబట్టాడు, దీపం వెలగాల్సిందేనని. అందులో మేస్త్రి కళ్ళు మూసుకుని ఉన్నాడట, తర్వాత చెప్పారు.

మూత చంకన పెట్టుకుని ఒక్కడూ బయటికి వచ్చాడు. స్టాండు వచ్చే వారం పంపిస్తానన్నాడు అన్న. ఇక్కడే ఉండనీ, బాగుంది అంది వదిన. అక్క ఆ మాట మీద గొంతెత్తడం గేటు దాకా వినపడింది.

"తిరుగు బేరం అన్నావు. ఖాళీయేనా?" అన్నాడు ట్రాలీవాడు.

"ఖాళీయే."

ఇంటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. గోడ పక్కన మిషనుకి చోటు చేసి, తుడిచి పెట్టింది. చంకలో మూత చూసింది, వీధిలోకి చూసింది, ఇంకేమీ రావడం లేదని తెలుసుకుంది.

"ఏమైంది నాన్నా?"

"దీపమైంది."

ఆ పిల్లకి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి మానుకుంది. రేపు సోమవారం కదా అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే, ఇనుప కొట్టువాడు తలుపు తెరవక ముందే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. వాడు వచ్చి, "ఏంటి నూనెడబ్బా, వారం రోజుల్నుంచి మొహం తిప్పుకుని పోతున్నావు, ఇవాళ దారి తప్పావా" అన్నాడు. అతను గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో తల బయటికి లాగి చక్రం తిప్పి చూశాడు. ఆరు బిగుసుకుపోయాయి. ఏడోది వెంట్రుకవాసి కదిలింది. ముందుపక్క ఒకచోట రంగంతా అరిగి ఇనుము తెల్లగా తేలింది. ఎవరో ఏళ్ళ తరబడి అక్కడే చెయ్యి ఆనించి కుట్టారు. ఎవరని అతను అడగలేదు, కొట్టువాడికీ తెలీదు. చేత్తో తిప్పే పిడి ఒకటి వెతుక్కుని, తల భుజాన వేసుకుని వచ్చాడు.

దాన్ని కిరసనాయిల్లో ముంచి తుప్పు గీకాడు. కూతురు ఆస్పత్రికి వెళ్ళి వచ్చింది. మిషను మాట శనివారంలోగా రూఢి చెయ్యలేదని మూడు వందల గలీబుల బట్ట ఇంకొకరికి ఇచ్చేశారట, రెండు వందలది మాత్రం తెచ్చింది. అతను విని తలూపాడు.

తల కూర్చోవడానికి అడుగున చెక్క కావాలి. గడపలో కూర్చుని వాళ్ళమ్మ మిషను మూత బోర్లించాడు. బాబిన్లు తీసి కొత్త తలకి పెట్టి చూశాడు, పట్టలేదు. గుండీలూ మైనం ముక్కా కూతురి డబ్బాలో పోశాడు. పెన్సిలుతో గీత గీసి రంపం అందుకున్నాడు.

"నానమ్మది కదా నాన్నా" అంది కూతురు.

"చెక్క" అన్నాడు.

అటూ ఇటూ కోసి, చట్రంలా మేకులు కొట్టి, తలని దాని మీద బిగించాడు. కూతురు దారం ఎక్కించి పిడి తిప్పింది. మొదటి నాలుగు కుట్లు వదులొచ్చాయి. అతను మర కొంచెం బిగించి, జేబులోంచి డబ్బా తీసి రెండు చుక్కలు నూనె వేశాడు.

"తిప్పు" అన్నాడు.