పెద్దలకు పెట్టని చుట్ట

నేను చుట్ట మానేస్తానని చెప్పినప్పుడు మా ఆయన నవ్వాడు. మామూలు నవ్వు కాదు. తాగుతున్న టీ ముక్కులోకి పోయి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఉక్కు ప్లాంటులో ఉద్యోగమంతా కొలిమి ముందు చేసి రిటైరైన మనిషి, పేరు సింహాద్రి. ఆ వేడికి చెక్కుచెదరని వాడు నా మాటకు ఉక్కిరిబిక్కిరైపోయాడు.

"నువ్వా? నువ్వు చుట్ట మానీడమేటే నూకరత్నం! పొద్దున్న అది లేందే దొడ్డికి కూడా ఎల్లవు గదే," అన్నాడు.

అదిగో, అక్కడ మండింది నాకు. అప్పటిదాకా మానేద్దామా వద్దా అని ఊగిసలాడుతూనే ఉన్నాను. ఆయన నవ్వాక ఇక వెనక్కి తగ్గితే నేను నూకరత్నాన్నే కాదు.

అసలు జరిగిందేమిటంటే, పన్ను నొప్పి అని ఆసుపత్రికి వెళ్ళాను. చిన్న వయసు డాక్టరమ్మ లైటు వేసి చూసి, పన్ను సంగతి వదిలేసి అంగిలి వైపు చూడడం మొదలుపెట్టింది. అంగిలంతా తెల్లటి పొర, మధ్యలో ఎర్రటి చుక్కలు ఉన్నాయంది. బీడీయా, సిగరెట్టా అని అడిగింది. చుట్ట అన్నాను. చుట్టకి ఇక్కడ ఇలా కాలదే అంది. అప్పుడు చెప్పాను, మాది అడ్డపొగ అని.

విజయనగరం వైపు మా ఆడవాళ్ళం నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి తాగుతాం. నాట్లు వేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా గాలికి ఆరదు, వానకు తడవదు, బూడిద మీద రాలదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పెళ్ళై ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఖుర్సీపార్ వచ్చాక నాకు ఈ విద్య నేర్పింది మా అత్త అప్పలనరసమ్మ. ఈ ముక్క వినగానే డాక్టరమ్మ తనే నోరు తెరిచింది. చదువుకునే పిల్లలందర్నీ పిలిచి వరసపెట్టి నా నోట్లోకి చూపించింది. మైత్రీ బాగ్ జూలో తెల్లపులిని చూసినట్టు చూశారు వెధవలు.

ఒళ్ళు మండి లేచిపోబోతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మాతాజీ, ఇప్పుడు మానేస్తే ఈ పొర తగ్గే అవకాశం ఉంది. తాగుతూ పోతే క్యాన్సర్ కావచ్చు. దీనికి మానడమే మందు," అని హిందీలో మెల్లగా చెప్పింది. దీపావళి వెళ్ళాక మళ్ళీ రమ్మంది. నాలుక పైకెత్తి అంగిలికి ఆనించి చూసుకున్నాను. గరుగ్గా ఉంది. భయం వేసింది. ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలా భయం వేసింది.

అయితే మానడం అనేది నోటితో అనేసినంత సులువా? నీళ్ళు తాగాలట, ఊపిరి గట్టిగా పీల్చాలట, సోంపు నమలాలట. అన్నీ చేశాను. కడుపు కుండలా ఉబ్బింది గానీ మనసు చుట్ట మీదే ఉంది. కూర మాడబెట్టాను. ఊరికే మా ఆయన మీద పడ్డాను. ఆయన జేబులోంచి ఒక చుట్ట తీసి నా ముందు ఆడించి, "ఏటి, పంతం అయిపోనాదా?" అన్నాడు. గరిట విసిరాను. గోడకి తగిలింది, ఆయన అదృష్టం.

నాకు తోడు దొరికింది ఎదురింట్లో. అహల్య పక్కనున్న ఉతై అనే ఊరి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి. నా ఈడుది. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని గుడాఖు రుద్దుతుంది. పొగాకు, బెల్లం కలిపి చేసిన నల్లటి ముద్ద అది. పళ్ళకు రుద్దుకుంటే తల గిర్రున తిరిగి హాయిగా ఉంటుందట. మా వీధిలో ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు సగం మంది దానికి బానిసలే. నా నోటి సంగతి చెప్పగానే అహల్య చేతిలో డబ్బా వంక చూసుకుంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా ఎవరికీ చెప్పలేదట పిచ్చిది.

"నా డబ్బా నువ్వు ఉంచు, నీ చుట్టలు నేను ఉంచుతా దీదీ. అడిగినా ఇవ్వొద్దు," అంది హిందీలో.

అలా మొదలైంది. నాకు పీక్కుపోతున్నప్పుడు దాని గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. దానికి పీక్కుపోతున్నప్పుడు నా గుమ్మంలోకి వచ్చేది. అడిగినవాళ్ళకి వస్తువు బదులు తిట్లు ఇచ్చుకునేవాళ్ళం. బుజ్జగింపులు మా వల్ల కాదు. "రోగహీ! తోర్ ముఁహ్ మా కీరా పరే!" అని అది అరిచేది. రోగిష్టిదానా, నీ నోట్లో పురుగులు పడ అని అర్థం. "నీ జిమ్మడ! గుడాఖు గావాలా, నీ పాడె మీద ఎట్టుకుందువు గాని, పో!" అని నేను అరిచేదాన్ని. ఇద్దరికీ నవ్వొచ్చేది. నవ్వాక కాసేపు ఆగగలిగేవాళ్ళం. వీధిలో జనం మేం విరోధులమైపోయామనుకున్నారు. అనుకోనీ.

అలాగే నడుస్తుండగా పెద్దల అమావాస్య వచ్చిపడింది.

పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆ రోజు ఆకులో పెడతాం. మా అత్తకు చుట్ట తప్పదు. అదీ ఊరికే పెడితే కాదు. పెద్దకోడలు వెలిగించి, అడ్డపొగ ఒక్క దమ్ము లాగి, ఆకు పక్కన పెట్టాలి. పొగ ఫోటో దాకా లేవాలి. ఆవిడ పోయిన దగ్గర్నుంచి ఏటేటా ఆ పని నాదే. ఈసారి ఒట్టి చుట్ట పెడదామని ముందే మా ఆయనకి చెప్పాను. ఊఁ అన్నాడు. ఆయన ఊఁ అన్నాడంటే వినలేదని అర్థం.

వైశాలి నగర్ నుంచి మా మరిది గోపాలం వచ్చాడు. ఊరి నుంచి ఎవరో రైల్లో తెచ్చిచ్చిన చుట్టల కట్ట తెచ్చాడు. అహల్య భోజనానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆకులు వేశాం, దీపం పెట్టాం, సాంబ్రాణి వేశాం. గోపాలం ఒక చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

"వదినా, ఎలిగించు."

"నాను మానీసినాను గోపాలం. ఒట్టిదే ఎడతాను."

"ఒక్క దమ్ముకి ఏటౌతాది? ఇది నువ్వు తాగినట్టు కాదు, అమ్మ తాగినట్టు. పెద్దల పూట దోషం లేదు."

మా ఆయన అగ్గిపెట్టె తీశాడు. "కానీయే. అమ్మ ఏటనుకుంటాది? ఆకలితో ఎలిపోద్ది," అన్నాడు.

ఊరి పొగాకు వాసన ముక్కుకి తగిలింది. నోట్లో నీళ్ళూరాయి. ఒక్క దమ్మే కదా, అందులోనూ భక్తి కదా అని మనసు లోపల్నుంచి గోకుతోంది. చుట్ట పెదాల దగ్గరకు వచ్చేసింది. మా ఆయన పుల్ల గీశాడు.

"రోగహీ!" అని గుమ్మం దగ్గర్నుంచి కేక. "తోర్ ముఁహ్ మా కీరా పరే!"

దీపం ముందు, పెద్దల ఫోటో ముందు, ఆ తిట్టు! గోపాలం అదిరిపడ్డాడు. "ఏటిది, పెద్దల పూట శాపనార్థాలు! బయటికి పంపీ దాన్ని!" అన్నాడు. అహల్యకి కళ్ళ నిండా నీళ్ళు, కానీ గుమ్మం వదల్లేదు. మళ్ళీ తిట్టింది, ఇంకా గట్టిగా.

నేను చుట్ట దించాను. పుల్ల మా ఆయన వేళ్ళ దాకా కాలి ఆరిపోయింది.

"అదెక్కడికీ ఎల్లదు," అన్నాను. "గోపాలం, మీ యమ్మ ఏటొచ్చి పోయిందో సెప్పు."

"వయసై పోయింది."

"వయసా! అంగిట్లో బొక్కపడి పోయింది. నాను గంజి పోత్తే ముక్కులోంచి కారీది. ఆ కంపుకి మీరిద్దరూ గుమ్మం దాటి రాలేదు. ఆ గుడ్డలు ఉతికిన సేతులియ్యి. దేంతో పోయిందో దాన్నే తెచ్చి ఏటేటా నా నోట్లో ఎలిగిస్తన్నారు. ఆవిడకి పెడతన్నారా, నన్ను ఆవిడ పక్కన పెడదామనా?"

చుట్టని రెండుగా విరిచి, చేతిలో నలిపి, పెరట్లో తూములో పోసి వచ్చాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మా ఆయన కాలిన వేళ్ళు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. నా మొహం చూడలేకపోతున్నాడు. చూడకపోతే పోయె.

గోపాలానికి ఇంకా పట్టుదల చావలేదు. "పెద్దలకి కోపమొత్తే ఎవులు పడతారు వదినా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నా దగ్గరికే రమ్మను. నోరు తెరిసి సూపిత్తాను."

వంటింట్లోకి వెళ్ళాను. ఎండు నెత్తళ్ళ పులుసు పొయ్యి మీదే ఉంది. ఆఖరి నెలల్లో మా అత్త నన్ను చుట్ట అడగలేదు. మాట సరిగా పలకలేక, చేత్తో సైగ చేసి, ఈ పులుసే అడిగేది. కారం తగిలితే గిలగిల కొట్టుకునేది, అందుకని గంజే పోసేదాన్ని. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకునేది. గిన్నె దించి, ఇంకో చెంచా కారం వేసి కలిపి, తెచ్చి ఆకులో అన్నం మీద పోశాను. అహల్యని లోపలికి పిలిచి నా పక్కన నిలబెట్టుకున్నాను. గోపాలం చుట్టల కట్ట జేబులో పెట్టుకున్నాడు. మా ఆయన ఏడుస్తున్నాడు.

"తిను అత్తా," అన్నాను. "ఇంక మంటెట్టదు."