వంకరగా కనిపించే కుళాయి

స్నానాలగదిలో కొత్త కుళాయి వంకరగా ఉందని మావారు అన్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. వెళ్ళి చూశాను. నిజమే. వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ కలిపి పెట్టిన మిక్సరు కుళాయి అది. దాని వెనకే రెండు వరసల టైల్స్ మధ్య సన్నటి తెల్లగీత. ఎడమవైపు కుళాయి ఆ గీతను తాకుతోంది. కుడివైపుకి వచ్చేసరికి మధ్యలో చిటికెనవేలు పట్టేంత సందు. ఒకసారి కంట్లో పడ్డాక ఇక అదే కనిపిస్తుంది.

తప్పనిసరై చేయించిన పని ఇది. గోడలోని పాత ఇనపపైపు తుప్పుపట్టి, అవతల వంటింటి వైపు చెమ్మ దిగింది. మా అబ్బాయి ఉన్నప్పుడే బాగు చేయిద్దామనుకున్నాం. వాడు పోయాక ఆ చెమ్మ పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాం. చివరికి మా అత్తగారే ప్లంబరుకి కబురు పెట్టారు. గోడ పగలగొట్టిన దగ్గర్నుంచి ఆవిడ పక్కింట్లో స్నానం చేస్తున్నారు. పరాయివాళ్ళ గడియ వేసుకుని స్నానం చేస్తే ఒళ్ళు తడుస్తుందే కానీ స్నానం చేసినట్టుండదని సణుగుతున్నారు.

మావారు కుళాయితో ఆగలేదు. నా పుస్తకాల దగ్గరున్న ఎర్ర పెన్సిలు తీసుకెళ్ళి, లోపం కనిపించిన ప్రతిచోటా టైలు మీద సున్నా చుట్టారు. షవరు మెడ దగ్గరి గుండ్రటి స్టీలు ప్లేటు గోడకి ఆనలేదు. కుళాయి నట్టు మీద గీరు పడింది. తూము అంచున సిమెంటు మరక. సందు మూయడానికి మూలన పూసిన తెల్ల సీలు మీద ఎవరిదో వేలిముద్ర. బడిలో పిల్లల నోటు పుస్తకాల్లో నేను చుట్టే సున్నాల్లాగే ఉన్నాయి. ఆయన గోడకి దగ్గరగా నిలబడి చాలాసేపు చూస్తుండేవారు. మాతో మాట్లాడని మనిషి ఆ గోడతో ఏదో మాట్లాడుతున్నట్టుండేది.

ప్లంబరు వచ్చి ఆ సున్నాలు చూసి, పరీక్ష పేపరు దిద్దినట్టుందే అని నవ్వబోయి, మావారి మొహం చూసి ఆగిపోయాడు. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. గీరు తనదే, పానాకి గుడ్డ చుట్టకుండా బిగించాడు, నట్టు మారుస్తాడు. వేలిముద్ర కూడా తనదే. ప్లేటు కింద ఒక వాషరు వేస్తే గోడకి ఆనుతుంది. మరక మాత్రం టైల్స్ మేస్త్రీది. అంత తేలిగ్గా ఒప్పేసుకుంటుంటే మావారికి చిరాకొచ్చింది. ఆయనకి కావలసిన తప్పు అవేవీ కావు.

"మరి ఈ కుళాయి?" అన్నారు.

"అది నా తప్పు కాదు సార్," అంటూ ప్లంబరు సంచీలోంచి లెవెల్ బద్ద తీసి కుళాయి మీద పెట్టాడు. దాని గాజుగొట్టంలోని బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. చీమంత కూడా అటూ ఇటూ లేదు.

అయితే తప్పు మేస్త్రీదేనని అతన్ని పిలిపించారు మావారు. మేస్త్రీ ఈ ప్లంబరుకి సొంత బావమరిది. ప్లంబరు భార్య అయిన తన అక్కతో కూడా ఇలాగే వాదిస్తాడట, ఎక్కడా తగ్గడు. కిటికీ అడుగు చట్రం దగ్గర మొదలుపెట్టి, దాని వెంటే కిందికి వరసలు దించానని చెప్పాడు. అలా కాకపోతే కిటికీ కింద ముక్క టైలు పడుతుంది, ఒకపక్క సన్నగా, ఒకపక్క వెడల్పుగా. ఆ ముక్క చూసి మీరే తిట్టేవారన్నాడు.

"మా బావ అన్నిటికీ బుడగే చూస్తాడు సార్. పెళ్ళి ఫోటోలో కూడా లెవెల్ చూసుకునే నిలబడ్డాడు."

"నువ్వేమో కిటికీని నమ్ముకున్నావు," అన్నాడు ప్లంబరు.

మావారు నవ్వలేదు. గోడ మళ్ళీ పగలాల్సిందేనని, ఎవరి తప్పయితే వాళ్ళే సొంత ఖర్చుతో తిరిగి కట్టాలని అన్నారు. బావా బావమరదులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావారు నావైపు తిరిగారు.

"నువ్వు చెప్పు. రోజూ దిద్దుతావుగా. ఎవరిది తప్పు?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. అబ్బాయికి జ్వరం వచ్చినప్పుడు మొదట చూసిన డాక్టరు, కనబడ్డ లక్షణాలకి ఇవ్వాల్సిన మందే ఇచ్చాడు. పెద్దాసుపత్రి డాక్టరు, వాడిని తెచ్చిన స్థితిలో చేయగలిగిందంతా చేశాడు. మావారు ఇద్దరి దగ్గరికీ వెళ్ళొచ్చారు, మళ్ళీ మళ్ళీ వెళ్ళొచ్చారు. ఇద్దరూ వాళ్ళ కొలత ప్రకారం సరిగానే ఉన్నారు. మధ్యలో వాడు లేడు. ఎవరిది తప్పు అని ఒక సాయంత్రం నన్నడిగారు. ఎవరిదీ కాదన్నాను. ఆ మాట ఆయనకి, నేను వాడిని వదిలేసినట్టు వినబడింది. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్యా అన్నం, చిల్లర సామాను, కరెంటు బిల్లు తప్ప వేరే మాటల్లేవు.

ఇప్పుడు ప్లంబరుదనో మేస్త్రీదనో అంటే ఆయన నన్ను తన పక్షాన నిలబడ్డదానిగా చూస్తారు. అది నాకు ఎంత కావాలో నాకే తెలుసు. కానీ ఆ మాటతో ఒక మనిషి చేసిన మంచి పనిని చేజేతులా పగలగొట్టించాలి.

లెవెల్ బద్ద అడిగి తీసుకున్నాను. స్టూలెక్కి కిటికీ అడుగు చట్రం మీద పెట్టాను. బుడగ ఒక పక్కకి పరుగెత్తి, చివరికంటా వెళ్ళి ఆగింది. అంచు వంకరగా తెగిన కాగితం మీద పిల్లలు గీతలు తిన్నగా గీసినా అవి వాలినట్టే కనిపిస్తాయి. ఆయన కూడా చూశారు.

"ఇద్దరూ సరిగానే చేశారు. కిటికీ వాలింది. ఆ వాలు ఎక్కడో ఒకచోట కనబడక తప్పదు," అన్నాను. మిగతాదీ చెప్పాను. "ఎవరిదీ తప్పు కాదండీ."

ప్లంబరు తన సామాను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కిటికీ దానంతటది వాలదు కదా. పెట్టినవాడెవడు?" అన్నారు మెల్లగా.

గుమ్మంలోంచి అత్తగారు మాట్లాడారు. తువ్వాలు భుజాన వేసుకుని ఎంతసేపటి నుంచి నిలబడ్డారో.

"మీ నాన్న. వంకరొచ్చింది, తీసి మళ్ళీ పెడతానని ఆనాటి మేస్త్రీ బతిమాలాడు. గాలేమన్నా వంకర చూసుకుని వస్తుందా, ఉండనీ అన్నారు. పైనుంచి ఆయన్నీ పిలిపించరా మరి. వస్తే నేనూ నాలుగు అడగాల్సినవి ఉన్నాయి."

మేస్త్రీ ముందు నవ్వాడు, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత మావారి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వేననుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకునేదాకా నవ్వేననుకున్నాను.

వాళ్ళిద్దరినీ సైగ చేసి పంపేశాను. నట్టు రేపు మారుస్తానని ప్లంబరు గుసగుసగా చెప్పి వెళ్ళాడు. అత్తగారు కొడుకు తల మీద చెయ్యి వేసి కాసేపుంచారు. తరవాత, నేను స్నానం చేయాలి, మీరు బయటికి నడవండి అన్నారు.

బయట బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. లోపల నీళ్ళు పడుతున్నాయి. ఆయన చెప్పడం మొదలుపెట్టారు, జ్వరం వచ్చిన పొద్దుటి నుంచి. వాడు కాఫీ వద్దన్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. ఆటోలో ఆయన భుజం మీద తల పెట్టుకుని, ఆ డ్రైవరు పాటలన్నీ తప్పు పాడుతున్నాడని చెప్పాడు. ఇవన్నీ నాకు తెలుసు, నేనూ అక్కడే ఉన్నాను. అయినా మధ్యలో ఆపలేదు. పాటల సంగతి దగ్గర మాత్రం, డ్రైవరు కాదు, మనవాడే తప్పు పాడాడని అన్నాను. ఆయన తలూపారు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆయన మాటల చివర ప్రశ్న లేదు.