గురిగింజ గంధం

బియ్యంలో రాళ్లేరుతున్న కమలాక్షమ్మ నెత్తిన అత్త నరసింహమ్మ వేలు పెట్టింది. "ఏందమ్మే ఇది? పేను కొరికింది."

అర్ధరూపాయంత బోడి. ఇంకేముంది, ఆళ్లగడ్డలో ప్రతి ఇంటికీ తెలిసిన వైద్యమే మొదలైంది. రోజూ సానరాయి మీద గురిగింజ అరగదీసి, మచ్చ మంటెత్తేదాకా రుద్దడం. పుండు పడినా అత్త మానలేదు. మొగుడు చెన్నకేశవులు మందు మాటే ఎత్తలేదు. "నా చెల్లెలి పెండ్లిలో నెత్తి మీది కొంగు దించొద్దు. బోడిదాన్ని కట్టుకున్నానంటారు" అన్నాడు. ఆ పెళ్లికి పిండి విసిరేది ఆమే, అప్పడాలొత్తేది ఆమే, నీళ్ల బిందెలు మోసేది ఆ నెత్తి మీదే. ఆ నెత్తి మాత్రం ఎవరి కంటా పడకూడదట. ఇక జుట్టు రాదేమో, జన్మంతా కొంగు చాటునే బతకాలేమో అని ఆమె గుండెల్లో రాయి పడింది.

పెళ్లికూతురి రవికలు తెచ్చే నెపంతో నంద్యాల బస్సెక్కి, ఒక డాక్టరమ్మ ముందు కూర్చుంది. డాక్టరమ్మ జుట్టు పాయలు విడదీసి, చెవి వెనక మరో మచ్చ పట్టుకుంది. అత్త కంట పడనిది అది. ముందొకటి, వెనకొకటి అద్దాలు పెట్టింది.

"పేనూ లేదు, ఏమీ లేదు. దానంతటదే ఊడింది, దానంతటదే వస్తాంది, చూడు. పూతమందు రాసిస్తా. ఆ గురిగింజ మాత్రం ముట్టొద్దు. తోలు కాలితే ఇంక మొలవదు."

కమలాక్షమ్మ చూసింది. చెవి వెనక నున్నటి తోలు మీద తెల్లటి నూగు. పురిటిబిడ్డ ఒంటి మీదుండేటంత మెత్తటి నూగు. అబ్బ, ఎంత సొగసుగా ఉంది! ఎవరూ చెప్పకుండా, ఎవరూ మెచ్చకుండా, కొంగు కింద చీకట్లో తన ఒళ్లు తన కోసం ఇంత పని చేసుకుంటూ ఉందా? ఇన్నేళ్లూ ఆ ఒళ్లు ఇంటి చాకిరీకే పుట్టిందనుకుంది. బస్సులో దారి పొడుగునా వేలికొసతో తడుముకుంటూనే వచ్చింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి గంధం సిద్ధంగా ఉంది.

"వద్దత్తా" అంది కమలాక్షమ్మ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. "కాలిన చోట ఇంక మొలవదంట. డాక్టరమ్మ చెప్పింది."

తిడుతుందనుకుంది. నరసింహమ్మ చెయ్యి ఆగిపోయింది. లేచి వాకిలి తలుపు ఓరగా వేసి, కొప్పు విప్పి, పైకి దువ్విన జుట్టు పక్కకు తీసింది. నడినెత్తిన అరచేయంత మేర ముడుచుకుపోయిన తోలు. ఒక్క వెంట్రుక లేదు. ఏళ్ల తరబడి ఒకే వంటింట్లో మసలుతూ కోడలు ఎన్నడూ చూడలేదు.

"కొత్తకోడలప్పుడు మా అత్త రుద్దింది. మీ మామ పొయ్యేదాకా ఆయప్పకు గూడ తెలీదు."

"మరి నాకెందుకు రుద్దినావత్తా?"

నరసింహమ్మ జుట్టు మళ్లీ కొప్పు ముడేసుకుంది.

"మా అత్త గట్టిగా రుద్దలేదు, అందుకే జుట్టు రాలేదనుకుంటి ఇన్నాళ్లూ."