వార్చిన నీళ్ళు

దేవసేన పోయిన రోజు నేను ఏడో తరగతిలో డిక్టేషను చెబుతున్నాను. మధ్యాహ్నం మొదటి పీరియడు. తిరుత్తణిలో మా బడి తెలుగు సెక్షనుకు ఏడో తరగతిలో పదకొండు మంది పిల్లలు. ఎనిమిదో మాట చెప్పి తొమ్మిదోది చెప్పేలోపు ఫోను మోగింది. తిరువళ్ళూరులో నా భార్య పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి. కుర్చీలోనే ఒరిగిపోయిందని, ఆస్పత్రికి తీసుకుపోతున్నామని చెప్పారు. నేను రైలెక్కి చేరేసరికి నాలుగున్నర అయింది. అప్పటికి ఆమె ప్రాణం పోయి గంట దాటింది.

డాక్టరు తమిళంలో చెప్పాడు. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయిందట. కిడ్నీలు చెడినవాళ్ళకు అది గుండెను ఆపేస్తుందట.

"రోజూ ఏం తింటారు?" అని అడిగాడు.

"ఇంటి భోజనం" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం గర్వం ఉండేది. ఆ రోజు కూడా ఉంది.

మా ఇళ్ళలో మాంసం ఏనాడూ లేదు. హోటలు తిండి మాత్రం ఉండేది. ఇద్దరికీ ఉద్యోగాలు. దేవసేన పొద్దున్నే తిరువళ్ళూరు రైలెక్కి టిఫినూ భోజనమూ అక్కడే కానిచ్చేది. సాయంత్రం నేను దోసెలో పరోటాలో పొట్లం కట్టించుకుని వచ్చేవాడిని. మా అమ్మాయి శ్రీవాసవి ఆ పొట్లాల మీదనే పెరిగింది. రెండేళ్ళ కిందట దేవసేన రక్తపరీక్షలు చూసి, కిడ్నీలు సగానికి పైగా చెడిపోయాయని చెప్పారు. ఆ మరునాటి నుంచి వంటిల్లు నేను తీసుకున్నాను.

ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒకామె ఉంది. ఏవి తినాలో, ఏవి తినకూడదో తమిళంలో చెప్పుకుంటూ పోయింది. కాయగూరలైనా ఆకుకూరలైనా చిన్నగా తరిగి, "వేక వచ్చు తన్నియ వడిచ్చిడుంగ" అంది. నేను నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. "ఉడికించి నీళ్ళు వార్చాలి." ఆ కాగితం చించి పొయ్యి పైన గోడకు అంటించాను.

తెల్లవారక ముందే లేచేవాడిని. తరిగేవాడిని, ఉడికించేవాడిని, వార్చేవాడిని. ఉప్పు చిటికెడు. వార్చిన నీళ్ళు గిన్నెలోకి పట్టి, మిరియాలు జీలకర్ర దంచి వేసి, కొత్తిమీర తుంచి చారు పెట్టేవాడిని. మా అమ్మ అట్లాగే చేసేది. కూరలోకంటే ఆ నీళ్ళలోనే సత్తువ ఉంటుందని ఆమె నమ్మకం. దేవసేన కేరియరులో అడుగు గిన్నె నిండా ప్రతిరోజూ ఆ చారే. ఇంట్లో ఉన్న పూట గ్లాసులో పోసి ఇచ్చేవాడిని.

"ఏం అయ్యోరా, ఇది చారా, చెయ్యి కడుక్కునే నీళ్ళా?" అనేది. బడిపిల్లలు పిలిచినట్టు నన్ను అయ్యోరా అని పిలవడం ఆమెకు సరదా.

"మందనుకోని తాగు."

"మందైతే డాక్టరు చీటీ రాసిస్తాడు. మీరు చీటీ లేకనే తాగమంటారే."

"హోటలోడు సోడా వేసి పెడితే మాత్రం మాట్లాడకుండా మింగుతావు."

"యాడ మింగుతాండా? సాంబారు వాసన చూసి రెండేండ్లాయ. కలలో మటుకు ఒక వడ తిన్న్యా మొన్న. దానికీ కోప్పడతారా?"

నవ్వి, గ్లాసు ఎత్తి తాగేసేది.

ఆస్పత్రిలో ఆమె సంచీ నా చేతికిచ్చారు. అందులో కేరియరు ఉంది. ఖాళీగా, శుభ్రంగా కడిగి ఉంది. ఆమె ఎప్పుడూ కేరియరు కడిగి తెచ్చింది లేదు. దాని కింద ఒక టిఫిను అంగడి బిల్లు. అదే రోజుది. ఇడ్లీ ఒక సెట్టు, వడ ఒకటి. ఇన్నాళ్ళూ నా వంట ఎక్కడో పారబోసి, హోటల్లో తిన్నదని అనుకున్నాను. చనిపోయిన మనిషి మీద కోపం వచ్చింది. ఆ కోపం మోయడం దుఃఖం మోయడం కంటే తేలికగా ఉంది. అందుకే దాన్ని వదల్లేదు.

కర్మ అయిన మర్నాడు తిరువళ్ళూరు వెళ్ళాను. ఆ అంగడి స్టేషనుకు దగ్గర్లోనే ఉంటుంది. నడిపేది రాజమాణిక్యం అనే ఆయన, మా పక్క తెలుగువాడే, నన్ను ఎరుగును. మధ్యాహ్నం వేళ. బల్లలన్నీ నిండి ఉన్నాయి.

"రాండి అయ్యోరా" అంటూ లేచాడు. "అమ్మ సంగతి ఆఫీసోళ్ళు చెప్పినారు. నాకు చెయ్యీ కాలూ ఆడలేదు."

"నీ తిండి తినే పోయింది" అన్నాను. అందరికీ వినపడేటట్టే అన్నాను.

ఆయన గరిటె కింద పెట్టాడు. "అట్లనొద్దు అయ్యోరా. అమ్మ మా తిండి ముట్టలేదు."

బిల్లు తీసి చూపించాను. "మరి ఇదేంది?"

"బిల్లు నాదే. అమ్మ కొని మా పిండి రుబ్బే ఆయమ్మకి ఇచ్చేస్తా ఉండె. ఊరికే టేబులు పట్టుకోని కూర్చుంటే బాగుండదంట. ఆఫీసులో అయితే ఉప్పులేని కూడు చూసి అందురూ అయ్యోపాపం అంటారని, ఈడికొచ్చి మీ కేరియరే తినేది. రెండేండ్లుగా ఇంతే."

"కేరియరు ఎవరు కడిగినారు?"

"ఆ పొద్దు అమ్మకి చేతుల్లో సత్తవ లేదనింది. నేనే కడిగిచ్చినా."

మూల బల్ల దగ్గర ఒకాయన నవ్వాడు. "అణ్ణా, ఇడ్లీ నీదే, బిల్లూ నీదే, సాక్షీ నువ్వేనా?"

రాజమాణిక్యం ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లల అబద్ధాలు వింటున్నవాడిని, ఇదీ అట్లాంటిదే అనుకున్నాను.

తిరుగు రైల్లో మెసేజి రాశాను. దేవసేన ఆఫీసువాళ్ళ గ్రూపులో నన్ను చేర్చి ఉన్నారు. నా భార్య ఇంట్లో వండిన శాకాహారం వదిలి ఫలానా అంగడిలో తిని ప్రాణం పోగొట్టుకుందని, బయటి తిండి మానమని, తమిళంలో రాశాను. పంపే ముందు శ్రీవాసవికి చూపించాను. మా అమ్మాయికి తెలుగు కంటే తమిళం బాగా చదవడం వచ్చు. రెండు తప్పులు దిద్దింది. ఆవడిలో తను ఉండేచోటి స్నేహితులకు తనూ పంపింది. వారం తిరక్కుండా ఆ మెసేజి మా బడిలో ఒక టీచరు ఫోను నుంచి నాకే వచ్చింది. పైన ఎవరో ఒక వాక్యం చేర్చారు. "రాసింది ఒక ఉపాధ్యాయుడు, అబద్ధం కాదు."

మూడు నెలల తర్వాత దేవసేన కాగితాల కోసం ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో ఆహారం గురించి చెప్పే ఆ అమ్మాయే ఒక పెద్దాయనకు ఏదో చెప్పలేక అవస్థ పడుతోంది. పళ్ళిపట్టు దగ్గరి రైతు, పేరు వెంకటముని. తమిళం అర్థమవుతుంది గానీ ఆమె వేగం అందడం లేదు. నన్ను గుర్తుపట్టి, "సార్, కొంచెం తెలుంగుల సొల్లుంగ" అంది. పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా చెప్పాను. అరటిపండు వద్దు. కొబ్బరినీళ్ళు వద్దు. కాయగూరలు ఉడికించి నీళ్ళు వార్చాలి.

వెంకటముని తల ఊపాడు. తర్వాత అడిగాడు. "అయ్యా, ఆ వార్చిన నీళ్ళు చారు పెట్టుకోవచ్చునా?"

నేను ఆ ప్రశ్నను తమిళంలోకి మార్చాను. మార్చేటప్పుడు నాకింకా ఏమీ తోచలేదు.

ఆమె రెండు చేతులూ ఊపింది. "ఐయ్యో, కూడాదు సార్! కాయల్లో ఉండే పొటాషియం అంతా ఆ తన్నిలకే వచ్చేస్తుంది. కీళ ఊత్తిడణుం. రోజూ తాగితే గుండెకే ప్రమాదం."

"పారబొయ్యాలంట" అని చెప్పాను. "తాగితే ప్రమాదమంట."

"అట్లనా" అన్నాడు వెంకటముని. "మంచిదాయ, అడిగితి."

ఇంటికి వచ్చి గోడ మీది కాగితం చూశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. వడిచ్చిడుంగ అన్న మాటకు వార్చాలి అన్నది తప్పు కాదు. ఏ నిఘంటువైనా అదే చెబుతుంది. కానీ మా ఇంట్లో వార్చడం అంటే పారబోయడం కాదు. అన్నం వారిస్తే గంజి తాగుతాం. పప్పు వారిస్తే ఆ కట్టుతో చారు పెడతాం. ఆమె పారేయమని చెప్పింది. నేను దాచుకోమని రాసుకున్నాను. వెంకటముని చదువుకోలేదు. ఆయన అడిగాడు. నేను అడగలేదు.

ఆ శనివారం తిరువళ్ళూరు వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. అంగడిలో రెండు బల్లలే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం లేదని అట్ట మీద రాసి కట్టి ఉంది. పిండి రుబ్బే ఆమె కనపడలేదు. రాజమాణిక్యం ఒక్కడే టీ కాస్తున్నాడు. నన్ను చూసి ఒక బల్ల చూపించాడు.

"కూర్చోండి అయ్యోరా. అమ్మ కూర్చునే తావే అది."

టీ తెచ్చి పెట్టాడు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆయన గుడ్డతో బల్ల తుడుస్తూ, నేను అడగకుండానే చెప్పాడు.

"ఆ చారు చూస్తే నాకే ఎట్లనో ఉండేది. ఒక పొద్దు అంటిని, ఏమ్మా, నోట పెట్టేదానికి లేదే, కొళాయి కాడ పోసేయరాదా అని. అమ్మ ఏమనిందో తెల్సునా? మా అయ్యోరు తెల్లారకముందే లేసి చేసినాడు, పారబోస్తే నాకు మనసొప్పదు అనింది. చివరి బొట్టు దాకా తాగేది."

నేను నోరు తెరిచాను. "టీ బాగుంది" అన్నాను.

"చక్కెర తక్కువేసినా" అన్నాడు. డబ్బు తీసుకోలేదు.

ఇంటికి వచ్చి తమిళంలో నాలుగు వాక్యాలు రాశాను. నా భార్య ఆ అంగడి తిండి ఏమీ తినలేదు. ఆమె తిన్నదీ తాగినదీ నేను వండిందే. పారబోయవలసిన నీళ్ళు నేను తాగించాను. రాజమాణిక్యం గారి మీద నేను రాసింది తప్పు. ఈసారి దిద్దించవలసిన తప్పులు లేవు. కానీ గ్రూపులో పెట్టే ముందు శ్రీవాసవి చదవాలి. అమ్మ ఎట్లా పోయిందో ఆమెకు ఆ నాలుగు వాక్యాల ద్వారానే తెలియకూడదు. నోటితో చెప్పాలి. మొన్న ఆదివారం వచ్చింది. హోటలు తిండి పూర్తిగా మానేశానని, తనే వండుకుంటున్నానని చెప్పింది. గోడ మీది కాగితాన్ని ఫోటో తీసుకుంది.

"నాన్నా, ఈ మాటేంటి, చదవను రావడం లేదు" అంది.

"వార్చాలి" అన్నాను.

"అంటే?"

"నీళ్ళు తీసెయ్యడం" అన్నాను. అంతవరకే చెప్పాను.

రాజమాణిక్యం అంగడిలో ఆ అట్ట ఇంకా కట్టే ఉంది. ఆ నాలుగు వాక్యాలు నా ఫోనులోనే ఉన్నాయి. శ్రీవాసవికి చెప్పలేదు. మెసేజి పంపలేదు.