సామాన్ల దగ్గర మనిషి

"సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా."

ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినగా వినగా ఆ ఎవరో ఒకరు అనే మనిషి నాకు బాగా తెలిసిన మనిషే అనిపించేది. తెలియకేం, అది నేనే.

మా ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగిన కొండలు, చెరువులు, పాత కోటలు, చిన్న చిన్న పట్నాలు అన్నీ ఆయన జేబులో ఉన్నట్టే. కాలనీలో అందరూ ఆయన్ని రూట్ మాస్టారు అంటారు. ఆదివారం ఎటైనా వెళ్దామనుకున్నవాళ్ళు శనివారం సాయంత్రం మా గుమ్మంలో చెప్పులు విడుస్తారు. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, "అబ్బే, ఆ కొండకి తొమ్మిదిలోపు చేరకపోతే దండగండీ" అని మొదలుపెడతారు. నేను టీ ఇస్తాను. వాళ్ళు వెళ్ళాక కప్పులు కడుగుతాను.

ఒక్కరోజు ప్రయాణమంటే ఆయనకి ఒక్కరోజే. నాకు మూడు రోజులు. శనివారం చాప దులపాలి, సీసాలు కడగాలి, దారిలో ఎవరికి కడుపు తిప్పుతుందో, ఎవరికి తలనొప్పి వస్తుందో గుర్తు తెచ్చుకుని మాత్రలు కట్టుకోవాలి. ఆదివారం కోడి కూయకముందే లేచి అందరికీ వండి డబ్బాలకెత్తాలి. సోమవారం ఆ డబ్బాల జిడ్డు, ఆ బట్టల బురద. మధ్యలో ఆ ప్రయాణం ఉందే, అదంతా చాప మీద. మగవాళ్ళూ పిల్లలూ కొండెక్కుతారు, గుహలు చూస్తారు, నీళ్ళలో దిగుతారు. దిగొచ్చేసరికి ఆకలి మీదుంటారు. కింద అన్నం ఉంటుంది, అన్నం పక్కన నేనుంటాను. ఫోటోలు కూడా పైనే తీసుకుంటారు. మా ఆల్బం తిరగేస్తే నేను చచ్చిపోయాననుకుంటారు ఎవరైనా.

ఈ ఏడాది కాలనీ సంఘం వాళ్ళు ఆయన చేత ఆ చోట్ల మీద ఒక చిన్న పుస్తకం రాయించారు. రెండు నెలలు రాశారు. ఎలా రాశారనుకున్నారు? హాల్లోంచి వంటింట్లోకి కేకలు పెడుతూ రాశారు.

"ఏమేవ్, ఆ కోట దగ్గర ఆడవాళ్ళకి బాత్రూం ఉందా?"

"ఉంది, గొళ్ళెం లేదు. బయట తలుపు పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి."

"జలపాతం దగ్గర నీడో?"

"పన్నెండు దాకా పెద్ద చెట్టు కింద ఉంటుంది. ఆ తర్వాత ఎండ చాప మీదకొచ్చేస్తుంది, టికెట్ గది గోడ వారకి జరుపుకోవాలి. రెండు దాటితే అక్కడా ఉండదు, బావి వెనక్కి పోవాలి. కోతులొస్తాయి, కర్ర చాప కిందే పెట్టుకోమనండి, పక్కన పెడితే అదీ ఎత్తుకుపోతాయి."

అన్నీ రాసుకున్నారు, ఒక్క ముక్క వదల్లేదు. పుస్తకం అచ్చయి వచ్చింది. నేను చదివింది మూడో తరగతి, అయినా కూడబలుక్కుని ముందుమాట చదివాను. "ఈ ప్రదేశాలన్నింటినీ నేను స్వయంగా పరిశీలించి" అని ఉంది. ఆఖర్న, "నా ప్రయాణాలకు సహకరించిన నా శ్రీమతికి" అని ఉంది. సహకరించడమట! గ్యాస్ పొయ్యి కూడా సహకరించింది, దానికి చెప్పలేదేం మరి?

అప్పటికీ నోరు మూసుకున్నాను. మూసుకోవడం అలవాటైన నోరు. దాన్ని తెరిపించింది మా పై వాటాలో ఉండే టీచరమ్మ. పుస్తకం పట్టుకుని దిగొచ్చింది. ఆయన ఇంట్లో లేరు.

"పిన్నిగారూ, మా పిల్లల్ని జలపాతానికి తీసుకెళ్దామనుకుంటున్నాను. బాగుంటుందా?"

"బ్రహ్మాండంగా ఉంటుందమ్మా" అని మొదలుపెట్టాను. బండి ఎక్కడ ఆపాలో చెప్పాను. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ మంచిదని, అడిగితే కుండలో నీళ్ళిస్తుందని చెప్పాను. మూడొందల పది మెట్లని, దిగేవాళ్ళ మొహాలు చూస్తే ఎక్కేవాళ్ళకి భయమేస్తుందని చెప్పాను. ఆవిడ అంతా వింది.

"అది కాదు పిన్నిగారూ, జలపాతం ఎలా ఉంటుంది? నీళ్ళు బాగా పడతాయా?"

ఆ చోటికి ఆరుసార్లు వెళ్ళాను. చప్పుడు విన్నాను, తడిసి దిగొచ్చిన బట్టలు పిండాను. నీళ్ళు తెల్లగా ఉంటాయో పచ్చగా ఉంటాయో, ఒకే పాయగా పడతాయో చీలిపోతాయో నాకు తెలియదు. టీచరమ్మ ముందు నవ్వేసి ఊరుకున్నానుగానీ, ఆవిడ మెట్లెక్కి వెళ్ళాక తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమాను. దుఃఖం కాదది. దుఃఖమైతే నాకు తెలుసు, ఏడుస్తే పోతుంది. ఇది పోలేదు.

ఆయన రాగానే అడిగాను. "ఏమండీ, అన్నిసార్లు వెళ్ళాం కదా, నేను జలపాతం చూడలేదని మీకు తెలుసా?"

ఆయన చొక్కా విప్పుతూ, "చూడొద్దని ఎవరన్నారే?" అన్నారు.

నిజమే. ఎవరూ అనలేదు. ఒక్కరు వద్దని ఉంటే గొడవపడి అయినా ఎక్కేదాన్నేమో. నన్ను కట్టెయ్యడానికి తాడే అక్కర్లేకపోయింది, ఒక చాప సరిపోయింది.

ఆ పై ఆదివారమే మళ్ళీ జలపాతానికి ప్రయాణం పెట్టారు. మా చిన్నాడికి పెళ్ళై ఆర్నెల్లయింది. కోడలు ల్యాబులో పనిచేస్తుంది, వారానికి ఆరు రోజులు వచ్చినవాళ్ళ చేతికల్లా సూది గుచ్చి రక్తం తీస్తుంది. ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం కూడా పెందలాడే లేచి నాతోపాటు వంటింట్లో నిలబడింది. "నువ్వు పడుకోవే" అంటే, "మీరొక్కరే ఎలా చేస్తారత్తయ్యా? జలపాతం చూస్తానంటే నాకు రాత్రంతా నిద్రే పట్టలేదు" అంది. మగవాళ్ళిద్దరికీ నిద్ర బాగానే పట్టింది.

చేరేసరికి పదయింది. చెట్టు కింద చాప పరిచాను. డబ్బాలు దించాను, సీసాలు నీడకి పెట్టాను, కర్ర చాప కింద దాచాను. నా చేతులు నన్ను అడక్కుండానే అన్నీ చేసేశాయి. తలెత్తి చూస్తే కోడలు అప్పటికే మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఉంది.

మా వాడు దాని భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా అన్నాడు. "నువ్వు అమ్మకి తోడుగా కూర్చోరాదూ? పాపం, అమ్మ ఒక్కతే అయిపోతుంది. మేమిలా వెళ్ళి అలా వచ్చేస్తాం."

"అవునమ్మా" అన్నారు మా ఆయన టోపీ సర్దుకుంటూ. "ఈ మెట్లు మీ ఆడవాళ్ళకి కష్టం. సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కూడాను."

ఆ పిల్ల మెట్టు మీదనుంచి కాలు వెనక్కి తీసింది. పైగా నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. నలభై రెండేళ్ళ కిందట, ఇరవయ్యేళ్ళ వయసులో, అదే మెట్టు మీదనుంచి నేనూ అలాగే కాలు వెనక్కి తీసి అలాగే నవ్వాను. "అమ్మకి తోడుగా కూర్చో, ఒక్కతే అయిపోతుంది" అన్నారు ఈయనే. చాప మీద మా అత్తగారు ఉల్లిపాయలు ఒలుస్తూ, "నీళ్ళు పైనుంచి పడటం కూడా ఒక వింతేనటే? ఇంట్లో కొళాయి తిప్పితే పడవూ?" అంది. ఎంత కఠినమైన మనిషి అనుకున్నాను. అంత కోపంగా ఎందుకందో ఇన్నేళ్ళకి తెలిసింది. ఆవిడా చూడలేదు. ఆవిడా ఎవరికో తోడుగానే మొదలుపెట్టి ఉంటుంది. ఆవిడ లేచాక నేను కూర్చున్నాను. ఇప్పుడు నా పక్కన ఈ పిల్లకి చోటు చూపిస్తున్నారు. నా కడుపున పుట్టినవాడే చూపిస్తున్నాడు, ఆ మంచి మాటతోనే, నా మీది జాలితోనే.

లేచి నిలబడ్డాను. మోకాళ్ళు టకటకమన్నాయి, అననీ.

"ఏమండీ, ఇలా వచ్చి కూర్చోండి."

"ఎవరు, నేనా?"

"మీరే. ఒక్కరే అయిపోతారు పాపం, అబ్బాయి తోడుంటాడు."

"అదేంటమ్మా!" అన్నాడు మా వాడు.

"అదేంటో నాకూ నలభై రెండేళ్ళుగా తెలియలేదు నాయనా. కూర్చుని చూడు, తెలుస్తుంది."

మా ఆయన అటూ ఇటూ చూశారు. పొత్తులావిడ విసనకర్ర ఆపి మావైపే చూస్తోంది. "నలుగురిలో ఇదేం గొడవే? మూడొందల మెట్లు, నీ మోకాళ్ళతో ఎక్కుతావా?"

"మీ ఇంటి గచ్చు తుడిచేటప్పుడు ఈ మోకాళ్ళేగా ఉన్నాయి? అప్పుడెప్పుడూ మీకు కనపడలేదే! మెల్లగా ఎక్కుతాను. సాయంత్రం అవుతుందేమో, అవనివ్వండి. ఆకలేస్తే డబ్బాలు మూత తీస్తే తెరుచుకుంటాయి."

"మరి మేమిక్కడ..."

"ఎండ ఎప్పుడొస్తుందో, చాప ఎటు జరపాలో నన్నడగక్కర్లేదు. స్వయంగా పరిశీలించి రాశారుగా, పుస్తకం తీసి చదువుకోండి."

కోడలు చెయ్యి పట్టుకున్నాను. సూదులు పట్టే చెయ్యి, గట్టిగానే ఉంది. "అత్తయ్యా, వాళ్ళకి కోపమొస్తుందేమో" అంది గుసగుసగా. "రానీవే" అన్నాను. "కోపమొస్తే అది కూడా సామాన్ల దగ్గరే పెట్టుకుని కూర్చుంటారు."

ఇరవై మెట్లు ఎక్కామో లేదో, కింద డబ్బా మూత రాయి మీద పడ్డ చప్పుడు, వెంటనే కోతుల అరుపులు.

"ఏమేవ్! కర్ర ఎక్కడ పెట్టావే?"

నాకు తెలుసు. చెప్పలేదు. తర్వాతి మెట్టు ఎక్కాను.